గరుసు నేలకు తగిన బండి

మొదటి ఆర్‌సీ (రేడియో కంట్రోల్) కారు కొనబోయేవాళ్ళు ముందుగా అడిగేది దాదాపు ఒకటే: ఎంత స్పీడు పోతుంది? పెట్టె మీద కూడా ఆ అంకెనే పెద్ద అక్షరాల్లో అచ్చువేస్తారు. కర్నూలు, కడప వైపు ఉండి కారు కొనేవాళ్ళు దానికంటే ముందు తేల్చుకోవలసింది ఇంకొకటుంది. ఈ బండిని ఎక్కడ తిప్పబోతున్నాం? నల్లరేగడి చేలోనా, గరుసు బాట మీదా, వంక ఇసుకలోనా, బండలు పరిచిన వాకిట్లోనా? చక్రాల సైజు, మోటారు రకం, బేరింగుల మన్నిక, బ్యాటరీ ఆయుష్షు అన్నీ మన దగ్గర ఆ నేల మీదా, ఆ నేల మీద కాసే ఎండ మీదా ఆధారపడతాయి.

అసలు హాబీ కారు అంటే ఏమిటో ముందు చూద్దాం. తిరునాళ్ళలో దొరికే రిమోట్ కారు మీట నొక్కితే పూర్తి వేగంతో పరుగెత్తుతుంది, వదిలితే ఆగుతుంది. మధ్యస్థం ఉండదు. లోపల రేడియో, మోటారు నడిపే భాగం అన్నీ ఒకే బోర్డు మీద ఉంటాయి. ఒక్క గేరు పన్ను విరిగితే కారంతా మూలపడుతుంది. హాబీ కారులో ఏ భాగానికా భాగం విడిగా ఉంటుంది: సంకేతం అందుకునే రిసీవర్, ముందు చక్రాలు తిప్పే సర్వో, మోటారుకు కరెంటు కొలిచి ఇచ్చే ఈఎస్‌సీ, మోటారు, బ్యాటరీ. రిసీవర్ నుంచి సర్వోకు సెకనుకు సుమారు 50 సార్లు ఒక చిన్న విద్యుత్ స్పందన వెళుతుంది. అది 1.5 మిల్లీసెకన్లు ఉంటే చక్రాలు తిన్నగా నిలుస్తాయి. 1 మిల్లీసెకనుకు తగ్గితే ఒక పక్కకు, 2కు పెరిగితే రెండో పక్కకు పూర్తిగా తిరుగుతాయి. ఈ రెంటి మధ్య ఎంత పొడవుంటే చక్రం అంత తిరుగుతుంది. వేగానికీ ఇదే లెక్క. వేలు ఎంత కదిపితే బండి అంత స్పందిస్తుంది. పెద్ద కారు నడిపేవాడికి స్టీరింగు మీద ఉండే అధికారం మీ చేతికి వస్తుంది. ఏ భాగం చెడితే దాన్నొక్కదాన్నే ఊడదీసి మార్చుకోవచ్చు. ఈ రెండు గుణాలూ లేనిదాన్ని ఎంత ధర చెప్పినా హాబీ కారు అనలేం.

దూరం నుంచి బండిని నడిపే ఈ విద్యకు వయసు తక్కువేమీ కాదు. జగదీశ్ చంద్రబోస్ 1895లో కలకత్తాలో గోడల అవతలికి తరంగాలు పంపి గంట మోగించి చూపించారు. నికోలా టెస్లా 1898లో న్యూయార్కులో నీటితొట్టిలోని చిన్న పడవను రేడియోతో నడిపాడు. ఇటలీకి చెందిన ఎల్జీ అనే సంస్థ 1966లో ఫెరారీ నమూనా ఆర్‌సీ కారును అమ్మకానికి పెట్టింది. జపాన్‌లో టమియా 1976లో పోర్షే 934తో ఈ రంగంలోకి వచ్చింది, 1984లో తెచ్చిన గ్రాస్‌హాపర్ బగ్గీతో లక్షలాది పిల్లల చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చింది. మన దగ్గరికి వస్తే, కర్నూలు పక్కనున్న ఓర్వకల్లును డ్రోన్ల కేంద్రంగా తీర్చిదిద్దుతామని రాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రకటించింది. డ్రోను లోపల ఉండే బ్రష్‌లెస్ మోటారు, ఈఎస్‌సీ, లిథియం పాలిమర్ బ్యాటరీ, రేడియో లింకు ఆర్‌సీ కారులో ఉండేవే. డ్రోను ఎగరేయాలంటే 2021 నాటి డ్రోన్ నియమాల ప్రకారం రిజిస్ట్రేషన్లూ, ఎగరేయకూడని ప్రాంతాల హద్దులూ ఉంటాయి. కారుకు ఆ తంటా లేదు, కింద పడి పగిలే భయమూ తక్కువ. అందుకే డ్రోన్ల చదువు మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి పలక లేదని నా అభిప్రాయం.

ఇక నేల సంగతి. భూగర్భ శాస్త్రంలో మన రెండు ఊళ్ళ పేర్లూ ప్రపంచమంతా చదువుతారు. విలియం కింగ్ అనే శాస్త్రవేత్త ఈ ప్రాంతపు రాళ్ళను వర్గీకరించి 1872లో భారత భూగర్భ సర్వే తరఫున గ్రంథం వెలువరించాడు. కడప రాళ్ళు, వాటిపైన పేరుకున్న కర్నూలు రాళ్ళు అన్న విభజన నేటికీ నిలిచి ఉంది. కర్నూలు వర్గంలోని పొరల పేర్లు చదివితే మన బస్సు బోర్డు చదివినట్టే ఉంటుంది: బనగానపల్లె, ఔకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. ఈ వర్గంలోనిదే అయిన నార్జి సున్నపురాయి పొరే బేతంచెర్లలో, ఎర్రగుంట్ల చుట్టుపక్కల బండలుగా లేచి మన ఇళ్ళలో నేలగా పరుచుకుంది. పాణ్యం, బనగానపల్లె పొరలు మాత్రం క్వార్ట్‌జైట్, అంటే ఇసుకరేణువులు ఒత్తిడికి కరిగి అతుక్కున్నంత గట్టి రాయి.

ఆర్‌సీ కారుకు దీంతో పనేమిటంటే, దుమ్ము. అన్ని దుమ్ములూ ఒకటి కావు. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో సున్నపురాయిలోని కాల్సైట్ 3 దగ్గర ఉంటుంది, క్వార్ట్జ్ 7 దగ్గర. బండల కటింగ్ యూనిట్ల దగ్గర ఎగిరే తెల్లటి పొడి ముక్కుకు, ఊపిరితిత్తులకు చెరుపే గానీ ఉక్కును పెద్దగా గీయలేదు. తుంగభద్ర ఇసుక, క్వార్ట్‌జైట్ గుట్టల కిందున్న గరుసు అలా కాదు. వాటిలోని రేణువు గేర్లనూ ఇరుసులనూ గీస్తుంది, గట్టిపరచిన బేరింగు ఉక్కును కూడా అరగదీస్తుంది. ఆషాఢపు గాలిలో ఓర్వకల్లు పక్క మైదానంలో కాసేపు తిప్పిన కారును విప్పి చూడండి, గేరుపెట్టె మూత సందుల్లో కూడా ఎర్రటి పొడి కనిపిస్తుంది.

కాబట్టి కారు కొనేముందు కిందవైపు తిప్పి చూడాలి. గేర్ల మీద పూర్తిగా మూసుకునే మూత ఉందా? చక్రాల దగ్గర ఉన్నవి రబ్బరు సీలున్న బాల్ బేరింగులా, లేక తక్కువ ధర కిట్లలో ఇచ్చే ప్లాస్టిక్ బుష్‌లా? బుష్‌లైతే మన నేల మీద కొన్నాళ్ళకే ఇరుసు ఆడడం మొదలవుతుంది. బేరింగుల సెట్టు ధర కారు ధరలో చిన్న భాగమే గనుక మొదటి రోజే మార్చించుకోవడం మంచిది. ఇంకో జాగ్రత్త: బయటికి కనిపించే గేర్లకు నూనె పూయకండి. సైకిలు చైనుకు నూనె వేసే అలవాటుతో అందరికీ అదే తోస్తుంది. నూనెకు క్వార్ట్జ్ పొడి అంటుకుంటే అది సానపెట్టే ముద్దగా మారి ప్లాస్టిక్ పళ్ళను కొరికేస్తుంది. తెరిచి ఉన్న గేర్లను పొడిగానే ఉంచి, తిప్పడం అయ్యాక పెయింటు బ్రష్షుతో దులపాలి. గ్రీజు మూసిన గేరుపెట్టె లోపలికే.

నల్లరేగడి సమస్య వేరు. కోయిలకుంట్ల, జమ్మలమడుగు వైపు ఉన్నవాళ్ళకు ఇది బాగా తెలుసు. ఈ మట్టిలో మాంట్‌మొరిలనైట్ అనే బంకమట్టి ఖనిజం ఎక్కువ. దాని పొరల మధ్యకు నీరు చేరితే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. వానపడిన మర్నాడు చేలోకి దింపితే చక్రాలకు మట్టి కట్టలు కట్టి మోటారు మీద మోయలేనంత భారం పడుతుంది. ఎండాకాలంలో అదే చేలో పగుళ్ళు నోళ్ళు తెరుచుకుంటాయి. చిన్న కారు ముందు చక్రం ఆ పగులులో దిగితే సస్పెన్షన్ ఆర్మ్ విరగడమే. రేగడి చేల మధ్య ఉండేవాళ్ళకు కోతలయ్యాక చదును చేసిన కళ్ళం ఉంది, ఎండిన చెరువు అంచు ఉంది. పెద్దల్ని అడిగి అక్కడ తిప్పుకోవచ్చు.

ముళ్ళ గురించి బెంగ అక్కర్లేదు. మన దారుల్లో పల్లేరుకాయలు, తుమ్మముళ్ళు లేని చోటు అరుదు. అయితే ఆర్‌సీ కారు టైర్లలో గాలి ఉండదు. లోపల స్పాంజి లాంటి నురగ ఉంటుంది, గాలి వచ్చిపోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. ముల్లు దిగినా పంక్చరు కాదు. ఆ రంధ్రాల నుంచే బురదనీళ్ళు లోపలికి పోయి నురగ బరువెక్కుతుంది, అంతే. నీళ్ళలో తిప్పాక టైర్లను పిండి ఆరబెట్టాలి.

సైజు విషయంలో చాలామంది ధర చూసి చిన్నదే కొనాలనుకుంటారు. ఇక్కడ గెలీలియో 1638లో తన చివరి గ్రంథంలో వివరించిన సూత్రం పనికొస్తుంది. 4 మీటర్ల పొడవు, 1500 కిలోల బరువున్న కారును అన్ని వైపులా పదో వంతుకు కుదించారనుకోండి. పొడవు 40 సెంటీమీటర్లు అవుతుంది. బరువు పదో వంతు కాదు, వెయ్యో వంతు: 1.5 కిలోలు. 1/10 సైజు ఆర్‌సీ కారు నిజంగానే ఆ చుట్టుపక్కల తూగుతుంది. బరువు మోసే చువ్వల అడ్డుకోత వైశాల్యం మాత్రం నూరో వంతుకే తగ్గింది. అంటే చువ్వలో ఒక్కో చదరపు సెంటీమీటరు మీద పడే భారం పెద్ద కారుతో పోలిస్తే పదో వంతే. అందుకే ప్లాస్టిక్ ఆర్మ్‌లు కూడా మీటరు ఎత్తు గట్టు మీద నుంచి దూకినా తట్టుకుంటాయి. పెద్ద కారుకు అదే కొలతలో అది 10 మీటర్ల దూకుడు.

సైజు తగ్గితే బలం కలిసొచ్చిందని ఇంకా తగ్గించుకుంటూ పోతే నేల ఊరుకోదు. కారును కుదించగలం గానీ రాళ్ళను కుదించలేం. పిడికిలంత రాయి, అంటే 8 సెంటీమీటర్లది, 1/10 కారుకు 80 సెంటీమీటర్ల బండరాయితో సమానం. 1/18 కారుకు అది దాదాపు మీటరున్నర గోడ. గరుసు మీద 1/18 కారు నడవడం కంటే తట్టుకుని పల్టీకొట్టడమే ఎక్కువ. ఆ సైజు ఇంట్లో బండల మీదకో, సిమెంటు ముంగిట్లోకో సరిపోతుంది. 1/8 సైజుకు మన నేల ఒక లెక్కే కాదు, కాని దాని బరువు, ధర, బ్యాటరీల ఖర్చు కొత్తవాళ్ళకు మించినవి. అందుకే కర్నూలు, కడప ఆరుబయలుకు 1/10, పెద్ద చక్రాలు, నేలకు బాగా ఎత్తులో ఉండే చాసిస్. ఈ మాట నేను ధైర్యంగా చెబుతాను.

ఇప్పుడు పెట్టె మీది వేగం అంకెకు వద్దాం. 2 కిలోల కారు గంటకు 50 కిలోమీటర్లతో పోతుంటే దానిలో గతిశక్తి సుమారు 193 జౌళ్ళు. అది దాదాపు 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీది నుంచి ఆ కారును జారవిడిచినదానికి సమానం. వేగం సగానికి తగ్గిస్తే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది, ఎత్తు రెండున్నర మీటర్లకు దిగుతుంది. రాతికంచెకు కొట్టుకున్నప్పుడు బతికే కారుకూ, ముక్కలయ్యే కారుకూ తేడా అక్కడే. మనిషి కాలికి తగిలితే ఆ తేడా ఇంకా ముఖ్యం. ట్రాక్సాస్ లాంటి కంపెనీలు ఈఎస్‌సీలోనే సగం శక్తికి కట్టడి చేసే శిక్షణ స్థితిని ఇస్తాయి. కొన్ని రిమోట్లలో దానికి విడిగా ఒక మీటే ఉంటుంది. కొత్తవాళ్ళ కారులో ఈ రెంటిలో ఒకటి ఉండి తీరాలి. పిల్లలూ పశువులూ తిరిగే వీధిలో పూర్తి వేగంతో తిప్పడం ఎవరు చేసినా తప్పే.

ఎండ లెక్క నేల లెక్కకు తక్కువ కాదు. మోటారు వేడి బయటికి పోవడం చుట్టూ ఉన్న గాలికీ దానికీ ఉన్న ఉష్ణోగ్రతల తేడా మీద నడుస్తుంది. మోటారు డబ్బా 80 డిగ్రీలు దాటకూడదని పెట్టుకుందాం. 25 డిగ్రీల చోట 55 డిగ్రీల వెసులుబాటు ఉంటుంది. మే నెల కర్నూలులో గాలే 43 ఉంటే మిగిలేది 37. మోటారు వదిలించుకోగల వేడి మూడో వంతు తగ్గిపోయింది. విదేశీ వీడియోలు చూసి వాళ్ళు పెట్టిన గేర్లే పెడితే ఇక్కడ మోటారు కాలుతుంది. మోటారు ఇరుసు మీదుండే చిన్న గేరును పినియన్ అంటారు. దానికి ఒకటి రెండు పళ్ళు తక్కువున్నది వేస్తే పైవేగం కాస్త తగ్గి మోటారు మీద భారం దిగుతుంది. ఎండాకాలానికి విడిగా ఒక పినియన్ ఉంచుకోవడం మన ప్రాంతంలో అవసరమే.

బ్రష్డ్ మోటారా, బ్రష్‌లెస్సా అన్నది తరచూ వచ్చే సందేహం. బ్రష్డ్ మోటారులో కార్బన్ బ్రష్‌లు తిరిగే రాగి ముక్కలను ఒరుసుకుంటూ కరెంటు అందిస్తాయి. డబ్బాకు గాలి రంధ్రాలుంటాయి, దుమ్ము పోయి బ్రష్‌లు త్వరగా అరుగుతాయి. చవకైనది, మార్చుకోవడం సులువు, మెల్లగా నడపడానికి అనువు. బ్రష్‌లెస్‌లో ఒరుసుకునేది బేరింగులే. దాని మీద రాసే కేవీ అంకె అంటే భారం లేనప్పుడు ఒక వోల్టుకు నిమిషంలో తిరిగే చుట్లు: 3300 కేవీ మోటారుకు 7.4 వోల్టులిస్తే 24 వేలు దాటుతుంది. దుమ్ములో పరుగెత్తించాలనుకుంటే బ్రష్‌లెస్, మెల్లగా నేర్చుకోవాలనుకుంటే బ్రష్డ్.

బ్యాటరీ దగ్గర మాత్రం రాజీ పడకండి. లిథియం పాలిమర్ బ్యాటరీలో ఒక్కో గడి (సెల్) నామమాత్రపు వోల్టేజి 3.7, నిండితే 4.2. 3.2 కిందికి దిగితే గడి దెబ్బతినే ప్రమాదం ఉంది, అందుకే ఈఎస్‌సీలో ఆ కట్టడి పనిచేస్తుందో లేదో చూసుకోవాలి. నిండుగా చార్జి చేసి వేడిలో ఉంచితే లోపలి ద్రావణం విచ్ఛిన్నమై వాయువులు పుడతాయి, పొట్లం ఉబ్బుతుంది. బైకు డిక్కీలో, ఎండలో నిలిపిన కారులో బ్యాటరీ వదలడం ఆ పనే. చాలా కంపెనీలు 0 నుంచి 45 డిగ్రీల మధ్యే చార్జి చేయమంటాయి. మన మే మధ్యాహ్నాలు ఆ హద్దును తాకుతూ ఉంటాయి, పైగా ఇప్పుడే తిప్పి తెచ్చిన బ్యాటరీ అప్పటికే వేడెక్కి ఉంటుంది. దాన్ని చల్లారనిచ్చి రాత్రో తెల్లవారుజామునో చార్జి పెట్టాలి. గడులను సమంగా నింపే బ్యాలెన్స్ చార్జరు తప్పనిసరి. 5000 ఎంఏహెచ్ బ్యాటరీకి 5 ఆంపియర్లు మించనివ్వకూడదు. మనుషులు దగ్గర లేకుండా వదలకూడదు. చార్జి పెట్టే చోటు గురించి రాయలసీమ ఇళ్ళలో వెతుక్కోవలసిన పని లేదు: మంచం, చాప, గుడ్డలు దూరంగా జరిపి నాపబండ మీద పెట్టండి, పక్కన ఇసుక బకెట్టు ఉంచండి. నాలుగు రోజులు వాడకపోతే గడికి 3.8 వోల్టుల దగ్గర నిల్వ ఉంచాలి. పన్నెండేళ్ళ లోపు పిల్లవాడికి కొంటున్నారా? అయితే నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ తీసుకోండి. 1.2 వోల్టుల గడులు ఆరు కలిపి 7.2. బరువెక్కువ, ఊపు తక్కువ, కాని చిన్నచిన్న అజాగ్రత్తలకు ఓర్చుకుంటుంది.

రేడియో గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. ఇప్పటి హాబీ రిమోట్లు దాదాపు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. తక్కువ శక్తి పరికరాలకు ఆ పట్టీలో లైసెన్సు అవసరం లేకుండా మన దేశంలో 2005లో నియమాలు వచ్చాయి. రిమోట్ ఒక పౌనఃపున్యం నుంచి ఇంకొకదానికి దూకుతూ పోతుంది కాబట్టి పది కార్లు ఒకేచోట తిరిగినా గొడవ పడవు. తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లే గనుక మట్టిగట్టు వెనక్కు, గుట్ట మలుపుకు కారు పోతే సంకేతం తెగుతుంది. కొన్న రోజే చక్రాలు గాల్లో ఉండేట్టు కారును ఇటుక మీద పెట్టి, కొద్దిగా వేగమిచ్చి, రిమోట్ ఆపేయండి. చక్రాలు ఆగాలి. ఆగకపోతే, సంకేతం తెగినప్పుడు బండిని ఆపే ఫెయిల్‌సేఫ్ సరిచేసేదాకా నేల మీదికి దించొద్దు.

ఏ రకం బండి అన్నదానికి నా దగ్గర రెండు జవాబులున్నాయి. చదునైన గరుసు మైదానం, కళ్ళం, చెరువు మట్టి దగ్గరుంటే 1/10 స్టేడియం ట్రక్కో మాన్‌స్టర్ ట్రక్కో. గుట్టలు దగ్గరుంటే క్రాలర్. పాలకొండల కింద, ఓర్వకల్లు రాళ్ళ వైపు, గండికోట లోయ దారుల్లో ఉండేవాళ్ళకు క్రాలరే నేను చెప్పేది. అది మనిషి నడకంత వేగంతో రాళ్ళెక్కుతుంది. మామూలు డిఫరెన్షియల్ ఉన్న ఇరుసులో ఒక చక్రం గాల్లోకి లేస్తే తిరుగుడంతా ఆ ఖాళీ చక్రానికే పోయి బండి నిలిచిపోతుంది. క్రాలర్‌లో రెండు చక్రాలనూ బిగించేస్తారు, కాబట్టి నేలనంటిన చక్రం లాగుతూనే ఉంటుంది. వేగం లేదు గనుక దెబ్బలు తక్కువ, మోటారు వేడీ తక్కువ, ఒక బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. పడితే లేపుకుని మళ్ళీ ఎక్కించవచ్చు. పురావస్తు శాఖ కాపాడే కోటగోడల మీద, గుళ్ళ ప్రాంగణాల్లో మాత్రం తిప్పకండి. ఆ రాళ్ళు మన ఆటకు కావు.

చివరిగా డబ్బు. 2020లో బొమ్మల దిగుమతి సుంకం 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. 2021 జనవరి నుంచి 14 ఏళ్ళ లోపు పిల్లల బొమ్మలకు బీఐఎస్ గుర్తు తప్పనిసరి అయింది. దీంతో బయటి దేశాల నుంచి నేరుగా తెప్పించుకునే బండి ఎంతకు పడుతుందో, ఎప్పుడు చేరుతుందో ముందే చెప్పడం కష్టమైంది. విడిగా పంపే లిథియం బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా ఎక్కించకూడదని 2016 నుంచి అంతర్జాతీయ నిబంధన ఉంది. కడపకు కారు ముందొచ్చి బ్యాటరీ లారీలో వెనకొచ్చినా కంగారు పడనక్కర్లేదు. మీ దగ్గరున్న సొమ్ములో మూడింట రెండు వంతులే కారుకు పెట్టండి. మిగిలింది మంచి చార్జరుకు, రెండో బ్యాటరీకి, విరిగే ముక్కలకు. డబ్బు కట్టేముందు ఆ మోడల్‌కు ముందు సస్పెన్షన్ ఆర్మ్, పినియన్‌తో కలిసి తిరిగే స్పర్ గేరు, దెబ్బల నుంచి సర్వోను కాపాడే సర్వో సేవర్, చక్రం బిగించే హెక్స్ మన దేశంలోనే నిల్వ ఉన్నాయా, ఒక్కోటి ఎంత, ఎన్ని రోజుల్లో కర్నూలు చేరుతుంది అని అమ్మేవాణ్ణి అడగండి. ఈ నాలుగింటికీ తిన్నగా జవాబు రాకపోతే ఆ మోడల్ వదిలేసి, జవాబున్న పక్క మోడల్ చూడండి, అది గంటకు పది కిలోమీటర్లు తక్కువ పోయినా సరే. ఆర్మ్‌లు కుడివీ ఎడమవీ కలిపి ఒక జత కారుతోపాటే తెప్పించుకోండి.